సర్కారు జిల్లేడు

మాలకొండయ్యకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఒక అనుమానం ఉంది. తెల్ల జిల్లేడు పువ్వంటే వినాయకుడికి ఎంతో ఇష్టం. రథసప్తమి నాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తే సూర్యభగవానుడు సంతోషిస్తాడు. దేవుళ్ళకు అంత ఇష్టమైన ఆ మొక్కే పెరట్లో మొలిచిందంటే మాత్రం ఇంటావిడ కొడవలి పట్టుకుని పరుగెత్తుతుంది. జిల్లేడు మొలిస్తే ఇల్లు పాడుబడుతుందని అందరికీ భయం. దేవుడి మెడలో ఉంటే మంచిదైనది, మన గోడ పక్కన ఉంటే చెడ్డది ఎలా అవుతుంది?

చిన్నప్పుడు తల్లిని అడిగితే, "నోర్ముయ్యరా, కళ్ళు పోతాయి" అంది. పెద్దయ్యాక గుళ్ళో పూజారి కామేశం గారిని అడిగాడు. ఆయన గంట తుడుస్తూ చాలాసేపు ఆలోచించి, "శాస్త్రంలో ఎక్కడో ఉండే ఉంటుందయ్యా" అన్నాడు. మాలకొండయ్య ఎదురుప్రశ్న వేసే మనిషి కాదు. ఎనిమిదో తరగతితో చదువు ఆపి, గుండ్లమెట్ట మండలాఫీసు ఎదురుగా రబ్బరు స్టాంపులు చేసే కొట్టు పెట్టుకున్నాడు. పొద్దున్నే వినాయకుడికి దండం పెట్టుకోవడం, కొట్టు తెరవడం, ఊళ్ళో ఉన్న అధికారాలన్నిటినీ తిరగేసి రబ్బరు మీద చెక్కడం. అదే ఆయన జీవితం.

ఆ వినాయకుడికే ఆయన బాకీ పడ్డాడు. పెళ్ళయిన కొత్తలో భార్య సింగరమ్మ పచ్చకామెర్లతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నప్పుడు, "సామీ, దీన్ని లేపి కూర్చోబెడితే నా చేత్తో గుచ్చి, నీ మెడ నుంచి పాదాల దాకా తెల్ల జిల్లేడు దండ వేస్తా" అని మొక్కుకున్నాడు. స్వామి తన వంతు పని ఆలస్యం చేయకుండా చేశాడు. సింగరమ్మ లేచి కూర్చుంది. ఆ తర్వాత కాసేపు నడుం వాల్చమన్నా వాల్చలేదు. మాలకొండయ్యే తన వంతు చేయలేదు. కొండెక్కే మొక్కో, తలనీలాల మొక్కో అయితే ఒక రోజు అనుకుని ఎప్పుడో తీర్చేవాడు. ఇదేమో జిల్లేడు. రోడ్డు పక్కన, బస్టాండు వెనక, శ్మశానం గోడ వారన, ఎక్కడ చూసినా అదే. ఎప్పుడంటే అప్పుడు కోసుకోవచ్చు. అందుకని ఎప్పుడూ కోయలేదు.

ఇప్పుడు సింగరమ్మ కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. ఆవిడ ససేమిరా అంది.

"మొక్కు తీరందే నా కంటి జోలికి ఎవర్నీ రానియ్యను. దేవుడికి బాకీ పెట్టుకోని కత్తి కింద పడుకోమంటావా?"

"రేపు పొద్దున్నే పోయి కోసుకొస్తానే."

"నువ్వు రేపనబట్టి మన పిల్లోళ్ళకు పిల్లోళ్ళు పుట్టారు."

ఈసారి మాలకొండయ్య నిజంగానే రేపు వెళ్ళాలనుకున్నాడు. కానీ ఆ రేపు కంటే ముందు రబ్బరు వచ్చింది.

*

ఊరి చివర పాత ఎరువుల గోదాముకు సున్నం కొట్టి, 'ప్రత్యామ్నాయ రబ్బరు స్వావలంబన సంస్థ' అని బోర్డు పెట్టారు. దానికి ప్రత్యేకాధికారిగా డాక్టర్ సదానందం గారు వచ్చారు. డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు. అది తెలియక మొదటి రోజే ఇద్దరు ముసలమ్మలు మోకాళ్ళు చూపించుకోవడానికి వెళ్ళి, రబ్బరు గురించి గంటసేపు విని వచ్చారు.

ప్రారంభ సభలో సదానందం గారు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"సభాసదులారా! టైరు లేనిదే చక్రం లేదు. చక్రం లేనిదే ప్రగతి లేదు. ఆ టైరుకు కావలసిన రబ్బరు కోసం ఎన్నాళ్ళు మనం పరాయి దేశాల చెట్ల కింద చిప్ప పట్టుకుని నిలబడాలి? ఇతర దేశాలవారు గడ్డిపూల వేళ్ళలోంచి, ఎడారి పొదల్లోంచి రబ్బరు తీయడానికి అహర్నిశలూ శ్రమిస్తున్నారు. మనకేం తక్కువ? నీరు అడగనిది, ఎరువు అడగనిది, మేక సైతం ముట్టనిది, గిల్లితే చాలు పాలిచ్చేది మన ముంగిట్లోనే ఉంది. అదే జిల్లేడు!"

చప్పట్లు మోగాయి. మాలకొండయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు. ఇన్నాళ్ళకు జిల్లేడు గురించి ఒక చదువుకున్న మనిషి నాలుగు మంచి మాటలు చెప్పాడు.

వెనక వరసలోంచి ఒక రైతు లేచాడు. "సారూ, మరి దానికి మేమేం జెయ్యాల?"

"ఏమీ చేయనవసరం లేదు. ముట్టుకోకుండా ఉండండి. ప్రజా భాగస్వామ్యం అంటే అదే."

మర్నాడే జిల్లేడును జాతీయ స్థితిస్థాపక సంపదగా ప్రకటించారు. ప్రతి మొక్కకూ మెడలో ఒక రేకు బిళ్ళ కట్టారు. మాలకొండయ్య కొట్టుకు ఆర్డర్ల మీద ఆర్డర్లు వచ్చాయి. 'పాలు తీయవలెను', 'పాలు తీయబడినది', 'పాలు రాలేదు, విచారించవలెను' అని మూడు రకాల స్టాంపులు. అవి చెక్కడానికి ఆయన పట్నం నుంచి మామూలు రబ్బరు షీట్లు తెప్పించాడు.

పని ఒత్తిడి కాస్త తగ్గాక, ఒక బుధవారం పొద్దున పూలబుట్ట పట్టుకుని బస్టాండు వెనక్కు వెళ్ళాడు. చేయి చాపాడో లేదో ఈల వినిపించింది. సంస్థలో అటెండరుగా చేరిన జాలయ్య, మెడలో ఈల, చేతిలో కర్రతో పరుగెత్తుకొచ్చాడు.

"కొండయ్యన్నా, ఆగాగు! చెయ్యి ఎనక్కి తియ్!"

"ఏందిరా జాలయ్యా, నాలుగు పూలు. సామి మొక్కు."

"పువ్వు తుంచితే పాలు కారతాయన్నా. ఆ పాలు సర్కారువి. నేను చూసినా చూడనట్టు పోదామంటే, నేను చూడనట్టు పోతన్నానేమోనని నన్ను ఇంకొకడు చూస్తన్నాడు."

అటు చూస్తే నిజంగానే చింతచెట్టు చాటున ఇంకొకడు ఈల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

*

మాలకొండయ్య అర్జీ రాసుకుని సదానందం గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన అర్జీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముడిసరుకు మళ్ళింపు కోరుతున్నారన్న మాట. తుది వినియోగదారు ఎవరు?"

"వినాయకుడండీ."

"ఆయన రబ్బరు రంగంలో ఉన్నారా?"

"ఆయన లేని రంగం లేదంటారండీ పెద్దలు."

సదానందం గారు దాన్ని రాసుకున్నారు. "చూడండి మాలకొండయ్య గారూ. నేనూ భక్తుణ్ణే. ఇంట్లో అన్ని దేవుళ్ళ పటాలూ ఉన్నాయి. కానీ ఒక పువ్వు తుంచినప్పుడు జాతి ఒక చుక్క పాలు కోల్పోతుంది. మెడ నుంచి పాదాల దాకా దండ అంటే, ఒక సైకిలు ట్యూబులో గణనీయమైన భాగం. మీ మొక్కు కోసం ఎక్కడో ఒక సైకిలు ఆగిపోవాలంటారా?"

మాలకొండయ్య ఎండలో, రోడ్డు మధ్యలో సైకిలు తోసుకుంటూ పోయే మనిషిని ఊహించుకున్నాడు. పాపం అనిపించింది. అంతలోనే ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్న సింగరమ్మ గుర్తొచ్చింది.

"ఆగకూడదండీ. కానీ మా ఇంటామె ఈ దండ పడితే గానీ కన్ను చూపించుకోనంటోంది."

"అర్థమైంది. మానవతా దృక్పథంతో ఒక మధ్యేమార్గం ఉంది. పూలు మేమే కోసి, పాలు పూర్తిగా పిండి, ఎండబెట్టి మీకు అందజేస్తాం. భక్తికి పాలతో పని లేదు గదా!"

మాలకొండయ్య ఆ మాట మోసుకెళ్ళి కామేశం గారికి చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎండిన పూలు నిర్మాల్యం కిందికొస్తాయయ్యా. మర్నాడు తీసేయాల్సినవి. అట్లాంటివి తెస్తే నేను వేయకముందే తీసేయాలి. అదెట్లా కుదురుతుంది?"

మాలకొండయ్య మళ్ళీ వెళ్ళి, పచ్చి పూలే కావాలని ప్రాధేయపడ్డాడు. సదానందం గారు అర్జీని పరిశీలనలో పెట్టారు.

అంతలో రథసప్తమి వచ్చింది. ఇంటింటికీ జిల్లేడాకులు కావాలి. జనం గోల పెడితే సంస్థ ఉదారంగా ఒక ఏర్పాటు చేసింది. మనిషికి ఏడేసి ఆకులు ఇస్తారు. స్నానం కాగానే తడి ఆరకముందే తిరిగి అప్పగించాలి. ఆ ఉదయం ఊరు ఊరంతా నెత్తిన ఆకులు పెట్టుకుని నీళ్ళు పోసుకుంటుంటే, స్నానాల గదుల బయట సంస్థ మనుషులు గోతాలు పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, ఏడిచ్చాం. ఆరే వచ్చినాయి!"

"ఒకటి తూములో కొట్టుకుపోయిందయ్యా. నేనేం జేసేది?"

ఆ ఒక్క ఆకు కోసం జాలయ్య కాలవ వెంట వీధి చివరి దాకా పోయాడు. తిరిగొచ్చి సింగరమ్మ ఇంటి ముందు ఆగాడు. ఆవిడ తలుపు సందులోంచి తడి ఆకులు అందించింది. జాలయ్య వాటిని చూసి నిట్టూర్చాడు.

"అక్కా, ఇందులో ఒకటి తమలపాకు."

"కనపడకే గదయ్యా! మా ఆయనకు ఆ నాలుగు పూలు ఇప్పించు. కన్ను బాగు చేయించుకోని, వచ్చే ఏడు నీ ఆకులు నీకు సరిగ్గా అప్పజెప్తా."

జాలయ్య తమలపాకును కూడా గోతంలోనే వేసుకుని వెళ్ళిపోయాడు.

*

ఎండాకాలం మొదట్లో సదానందం గారికి ఒక కొత్త ఆలోచన వచ్చింది. జాతీయ సంపద ఇలా రోడ్ల వెంట అనాథలా పడి ఉండటం ఆయనకు నచ్చలేదు. చుట్టుపక్కల మండలాల జిల్లేడునంతా వేళ్ళతో పెకిలించి, ఊరి పక్కన ఒక ఆదర్శ క్షేత్రంలో నాటించారు. మొన్నటిదాకా వరి పండిన చేను అది. చుట్టూ ముళ్ళకంచె వేశారు. నీళ్ళకు బోరు, డ్రిప్పు గొట్టాలు, బస్తాల కొద్దీ యూరియా వచ్చాయి. మేకలు పడకుండా కాపలా పెట్టారు. ఎప్పుడూ జిల్లేడు వైపు తలెత్తి చూడని మేకలు, ఇంత కాపలా ఎందుకుందో చూద్దామని కంచె దాకా వచ్చి నిలబడేవి.

పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క చెంబు నీళ్ళు ఎరగని మొక్కలు ఆ బురదలో నిలబడి పసుపు పచ్చబడ్డాయి. తర్వాత ఆకులు రాల్చాయి. మిగిలిన లేతాకుల మీద చారల గొంగళి పురుగులు బంతి భోజనానికి కూర్చున్నాయి. వాటిని సంస్థ 'అనధికార లబ్ధిదారులు'గా గుర్తించింది. మొక్కలు చచ్చిపోయాయని మాత్రం ఎవరూ అనలేదు. 'ఆశించిన దానికంటే ముందుగా విశ్రాంత దశకు చేరుకున్నవి' అన్నారు. ఆ మాటకూ మాలకొండయ్యే స్టాంపు చెక్కాడు. పెద్ద మాట కావడంతో చాలా రబ్బరు పట్టింది.

ఊళ్ళో ఇప్పుడు జిల్లేడు అన్నదే లేదు. మాలకొండయ్య బస్సెక్కి పట్నం పూలకొట్లకు పోయాడు. తెల్ల జిల్లేడు అడగ్గానే కొట్టతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పెద్దాయనా, ఎందుకొచ్చిన గొడవ, మల్లెలు తీసుకుపో" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి సింగరమ్మ వేలికి వెన్న రాసుకుంటోంది. దీపం వెలిగించబోయి, వత్తి అనుకుని అగ్గిపుల్ల తన వేలి దగ్గరే పెట్టుకుందట. ఎడమ కంటికి కూడా పొర కమ్ముతోంది.

"మొక్కు సంగతి నేను సామికి చెప్పుకుంటా. ముందు ఆస్పత్రికి పోదాం పదవే" అని బతిమాలాడు మాలకొండయ్య.

"ఇన్నేళ్ళూ నువ్వు చెప్పుకున్నది చాల్లే. ఆయనకు చెవులు పెద్దయ్యే గానీ, ఎంతకని వింటాడు?"

రోడ్లన్నీ తెల్లగా పూసి ఉన్న రోజుల్లో తను పక్కనుంచి నడిచిపోయిన సంగతి మాలకొండయ్యకు తెలుసు. ఆ పూట అన్నం సహించలేదు.

*

వానలకు ముందు, పై నుంచి పరిశీలన బృందం వస్తోందని కబురొచ్చింది. సంస్థలో హడావుడి మొదలైంది. అన్నాళ్ళుగా పితికిన పాలన్నీ ఒకచోట పోసి, కాచి, వడకట్టి, ఎండబెడితే చివరికి ఉసిరికాయంత ముద్ద వచ్చింది. రంగు గోధుమ రంగు. ముట్టుకుంటే వదలదు.

సదానందం గారు ఆ ముద్దను పళ్ళెంలో పెట్టి, పైన పట్టుగుడ్డ కప్పి, మాలకొండయ్యను పిలిపించారు. "ఇది చారిత్రక ఘట్టం. తొలి స్వదేశీ జిల్లేడు రబ్బరుతో తొలి ముద్ర మీ చేతుల మీదుగా తయారు కావాలి."

"ఏం చెక్కమంటారండీ?"

"సంస్థ ఎక్కువగా వాడే మాట చెక్కండి. 'అనుమతి నిరాకరించడమైనది'."

మాలకొండయ్య రెండు రోజులు తంటాలు పడ్డాడు. అక్షరం గీస్తే మళ్ళీ దగ్గరికి అతుక్కుపోయేది. ఎలాగో పూర్తి చేసి తీసుకెళ్ళాడు. బృందం వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు కొబ్బరినీళ్ళు తాగి, బల్ల చుట్టూ కూర్చున్నారు. ముద్ర వేసి చూపించడానికి ఒక అర్జీ కావాలి. పరిశీలనలో ఉన్న అర్జీ ఒక్కటే ఉంది. మాలకొండయ్యది.

సదానందం గారు అందరూ చూస్తుండగా స్టాంపు ఎత్తి, అర్జీ మీద బలంగా అద్దారు. తిరిగి ఎత్తేసరికి స్టాంపుతో పాటు కాగితం కూడా లేచొచ్చింది. లాగారు. రాలేదు. జాలయ్య కాగితం పట్టుకుంటే సదానందం గారు స్టాంపు పట్టుకుని లాగారు. అర్జీ సగానికి చిరిగింది. మాలకొండయ్య పేరు, వినాయకుడి పేరు ఉన్న ముక్క స్టాంపుకే అతుక్కుని ఉండిపోయింది.

"అద్భుతమైన అంటుకునే గుణం!" అన్నాడు బృందం పెద్ద. అందరూ తలలూపారు.

"అయ్యా, మరి నా అర్జీ ఏమైనట్టండీ?" అని మాలకొండయ్య మెల్లగా అడిగాడు.

సదానందం గారు చిరిగిన ముక్క వంక చూశారు. "మంజూరు కాలేదు. నిరాకరణ కూడా కాలేదు. సాంకేతికంగా మీ అర్జీ ముద్రకు అంటుకుని ఉంది."

బృందంలో అన్నిటికంటే వెనక కూర్చున్న ఒకాయన ఒక్క ప్రశ్న వేశాడు. "సంస్థ స్టాంపులకు వాడిన రబ్బరెంత? తీసిన రబ్బరెంత?"

"గిరాకీ సృష్టించడంలో సంస్థ లక్ష్యాన్ని మించిపోయింది సార్" అన్నారు సదానందం గారు.

దాంతో సంస్థ విజయవంతంగా ముగిసినట్టు బృందం తేల్చింది. సదానందం గారికి పెద్ద హోదా ఇచ్చి, పనస పాలలోంచి రబ్బరు తీయడానికి ఉత్తరాన ఇంకో జిల్లాకు పంపారు. ఇకమీదట అక్కడివాళ్ళు పనసకాయ కూర వండుకోవాలంటే ఏమవుతుందోనని మాలకొండయ్యకు బెంగ పట్టుకుంది. సంస్థ గదులకు తాళాలు పడ్డాయి. వాటికి కాపలాగా జాలయ్య ఒక్కడే మిగిలాడు.

*

వానలు వచ్చాయి, పోయాయి. జిల్లేడు మాత్రం రాలేదు. వేళ్ళతో పెకిలించిన చోట పల్లేరు మొలిచింది. మాలకొండయ్య రోజూ సాయంత్రం కొట్టు మూసి, ఏదో ఒక దారి పట్టుకుని నడిచేవాడు. శ్మశానం గోడ దాకా వెళ్ళి, వట్టి బుట్టతో తిరిగొచ్చేవాడు. సింగరమ్మ అడగడం మానేసింది. అడుగుల చప్పుడును బట్టే ఆవిడకు తెలిసిపోయేది.

ఏడాది తిరిగాక, ఒక బుధవారం ఉదయం జాలయ్య కొట్టు దగ్గరికి వచ్చాడు. మొహం అదోలా ఉంది.

"కొండయ్యన్నా, బుట్ట తీసుకోని ఒకసారి రా. ఏం అడగబాక."

సంస్థ ఆఫీసు పెంకులు జారి, కిటికీలు ఊడి ఉన్నాయి. జాలయ్య తాళం తీసి, సదానందం గారి గది తలుపు తోశాడు. మాలకొండయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

గది నిండా జిల్లేడు. నేల పగుళ్ళలోంచి, గోడ మూలల్లోంచి, కిటికీ గూట్లోంచి, ప్రత్యేకాధికారి కుర్చీ చుట్టూ, విరిగిన కప్పు సందులోంచి పడుతున్న ఎండ వైపు మెడలు చాచి నిలబడి ఉంది. అంతా తెల్ల జిల్లేడే. గుత్తులు గుత్తులుగా పూసి ఉంది.

"అప్పట్లో ఆడుకోడానికి కోసుకున్న పిల్లకాయల దగ్గర లాక్కున్న జిల్లేడు కాయలన్నీ విత్తన నిధి అని సారు బీరువాలో దాపెట్టించాడన్నా. కాయలు పగిలి, గింజలతో దూది లేచి గదంతా పడింది. నేను తలుపు తీయలేదు, నీళ్ళు పోయలేదు, అసలు తొంగి చూడలేదు. అదే వచ్చింది."

మాలకొండయ్యకు తన పాత అనుమానం గుర్తొచ్చింది. జిల్లేడు మొలిచి ఇల్లు పాడైందా, ఇల్లు పాడయ్యాక, పాపం, ఒంటరిగా ఉండకూడదని జిల్లేడు వచ్చిందా? మనుషులు వదిలేసిన చోటికి వచ్చి కూర్చునేది చెడ్డదెట్లా అవుతుంది? ఈ మాట కామేశం గారిని అడగాలనుకున్నాడు. శాస్త్రంలో ఎక్కడో ఉండే ఉంటుందంటాడేమో.

పువ్వు మీదికి చేయి పోనిచ్చి, అలవాటుగా ఆగాడు. "అనుమతి?"

జాలయ్య బల్ల సొరుగు లాగాడు. అందులో గోధుమ రంగు స్టాంపు ఉంది. దాని మొహానికి చిరిగిన కాగితం ముక్క అలాగే అతుక్కుని ఉంది.

"నీ అర్జీ ఇంకా అంటుకోనే ఉందన్నా. కాదన్నోడు ఎవడూ లేడు. కోసుకో."

మధ్యాహ్నం దాకా మాలకొండయ్య అక్కడే కింద కూర్చుని దండ గుచ్చాడు. జాలయ్య పూలు అందించాడు. ఈల మెడలో ఉందని కూడా మర్చిపోయాడు. సాయంత్రం ఆ దండను తడిగుడ్డలో చుట్టి, సింగరమ్మ చేయి పట్టుకుని గుడికి నడిపించుకొచ్చాడు.

కామేశం గారు దండ అందుకుని స్వామి మెడలో వేశాడు. అది బొజ్జ మీదుగా జారి, పాదాల దగ్గరికి వచ్చి ఆగింది.

"పాదాల దాకా వచ్చిందా?" అని అడిగింది సింగరమ్మ.

"వచ్చిందే. ఇంకా కాస్త మిగిలింది కూడా."

"అది వడ్డీ కింద పోనీలే" అంది. కాస్త ఆగి, "ఆ డాక్టరు ఏ వారం రమ్మన్నాడూ?" అని అడిగింది.

మాలకొండయ్య కళ్ళు మూసుకుని స్వామికి దండం పెడుతున్నాడు. హారతి అయిపోయింది, గంట ఆగింది, సింగరమ్మ మెల్లగా మోచేత్తో పొడిచింది. ఆయన చేతులు దించబోయాడు. పొద్దుట్నుంచీ పూలు తుంచిన అరచేతులు, జిల్లేడు పాలు ఆరి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మాలకొండయ్య వాటిని లాగబోయి మానుకున్నాడు. ఇంకాసేపు అలాగే నిలబడ్డాడు.